ఆకు కింద ప్లాస్టిక్ పొర ఎవరి కోసం?

పోస్టు కాస్త పొడుగే, చివరిదాకా చదవండి.

ఈమధ్య ఎక్కడ చూసినా ‘ఎకో ఫ్రెండ్లీ డిజైన్’ అంటున్నారు. వస్తువు తయారు చేసేటప్పుడే, వాడి పారేశాక అది ఏమవుతుందో ఆలోచించాలట. మంచి మాటే. కానీ ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు మనకే క్లాసు పీకితే ఎలా? మన అడ్డాకు విస్తరి చూడండి. ఆకు కోస్తే తీగ చావదు, మళ్లీ చిగురేస్తుంది. సన్నటి పుల్లలతో కుడతారు. జిగురు లేదు, కరెంటు లేదు. తిని పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. ఇంతకన్నా డిజైన్ ఏముంటుంది?

ఇప్పుడు టౌనులో అమ్మే ‘ఆకు ప్లేటు’ ఒకటి చించి చూడండి. చాలా వాటిలో పైన మన ఆకు, కింద అట్ట, మధ్యలో ప్లాస్టిక్ పొర. ఆ ఒక్క పొరతో మొత్తం చెడింది. ఎరువు కాదు, ఆవు తింటే కడుపులోకి ప్లాస్టిక్ పోతుంది. 2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. మరి ప్లాస్టిక్ పోయిందా? ఆకు కింద దాక్కుంది!

“పొర లేకపోతే సాంబారు కారిపోద్ది” అంటారు. మరి మన తాతలు పులుసన్నం దేంట్లో తిన్నారు? దగ్గర దగ్గరగా కుడితే కారదు. అలా కుట్టడానికి టైం పడుతుంది. ఆ టైంకి డబ్బులివ్వడం ఇష్టం లేకే ఈ పొర. ఆకు కోసేది, కుట్టేది మన ఆడవాళ్లు. ధర చెప్పేది మాత్రం సంతలో షావుకారు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఆకుల్ని సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. కుట్టిన చేతికి ఎంత ముడుతుందన్నది కూడా డిజైన్‌లో భాగమే.

ఇక మన సంగతి. ఆగస్టు 9 వస్తే ర్యాలీ, థింసా, ‘జల్ జంగల్ జమీన్’ నినాదాలు. భోజనాల దగ్గరకొచ్చేసరికి వెండిరంగు పేపర్ ప్లేట్లు! అడవి మనదని అరిచి, అడవి ఇచ్చిన విస్తరిని వదిలేస్తే మన మాట ఎవడు నమ్ముతాడు?

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఈసారి భోజనాలకు పొర లేని కుట్టు విస్తర్లే పెడదాం. నెల ముందే ఊళ్లలో కుట్టేవాళ్లకు నేరుగా ఆర్డరిచ్చి, సగం డబ్బు అడ్వాన్సుగా ఇద్దాం. ఖర్చెక్కువ అనిపిస్తే రెండు ఫ్లెక్సీలు తగ్గిద్దాం, అవీ ప్లాస్టిక్కే కదా.

కాదనేవాళ్లు కారణం రాయండి, మాట్లాడుకుందాం. జోహార్.