ముఖ శస్త్రచికిత్స: అందానికా, అన్నానికా?

డాలస్‌కు వాయవ్య దిశలో, పెద్ద విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న కాపెల్ పట్టణానికి వేసవి వచ్చిందంటే స్వదేశం నుంచి తల్లిదండ్రులూ అత్తమామలూ తరలివస్తారు. వారి రక్తపోటు, మధుమేహం విషయంలో బిడ్డలు చూపే శ్రద్ధ మెచ్చదగినదే. కాని అమ్మమ్మను నోరు తెరవమని అడిగి అంగిలి వంక చూసే ఇల్లు ఎక్కడో గాని ఉండదు. పెద్దవారి దగ్గర చుట్ట ప్రస్తావన తేవడం అమర్యాద అన్న సంకోచమే ఇందుకు కారణం కావచ్చు. ముఖ, కంఠ శస్త్రచికిత్సలో ఇంత పరిశోధన జరిగిన తరువాత కూడా తెలుగు తీరానికి బాగా తెలిసిన ఒక వ్యాధి ఆ సంకోచం చాటున పెరుగుతున్నది.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే ముక్కు తీర్చిదిద్దుకునే సినీతారలు స్ఫురించడం సహజం. (ఇక్కడ ప్లాస్టిక్ అన్నది మలచడమనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చింది, బిందెలకూ బకెట్లకూ సంబంధం లేదు.) ఆ విద్యలో డాలస్ పేరెన్నికగన్న నగరం. డాక్టర్ జాక్ గంటర్ 1980లలో ప్రారంభించిన ముక్కు శస్త్రచికిత్స సదస్సుకు దేశదేశాల వైద్యులు వచ్చి నేర్చుకొని వెళ్ళారు. అయితే ఈ విద్య పుట్టింది అందం కోసం కాదు. 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తాను సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే ఎడ్లబండివానికి, పూనా ప్రాంతంలో ఇటుకల పనివారి కులానికి చెందిన వైద్యుడొకడు నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు మలిచాడు. ఆ వార్త 1794లో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజీన్’లో అచ్చయింది. దానిని ఆధారం చేసుకొని కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో లండన్‌లో అదే చికిత్స చేసి చూపాడు.

ముక్కు పోయినవారు నలుగురి కంటా పడతారు. అంగిలి పోయినవారు పడరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతపు గ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, అడ్డపొగ అలవాటు తరతరాలుగా వచ్చింది. చుట్ట నిప్పుకొసను నోటి లోపల ఉంచుకొని పీల్చడమే అడ్డపొగ. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం తక్కిన చోట్ల అరుదు. ఇక్కడ అరుదు కాదు. పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగిలిపై వచ్చే మార్పులను 1971లో వివరించారు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల వారు కూడా దీనిని శ్రద్ధగా అధ్యయనం చేశారు.

క్యాన్సర్‌తో పాటు అంగిలి ఎముకను తొలగిస్తే నోటికీ ముక్కుకూ నడిమి గోడ పోతుంది. తాగిన నీరు ముక్కులోంచి వస్తుంది. మాట ముక్కులోకి జారిపోతుంది. పంక్తిలో కూర్చుని అన్నం తినడానికి సిగ్గుపడవలసి వస్తుంది. ఆ రంధ్రాన్ని మూయడానికి దంతవైద్యులు అమర్చే, పళ్ళసెట్టు వంటి పలక ఒక మార్గం. ముంజేతి చర్మాన్నో, కాలిలోని ఫిబ్యులా ఎముకనో రక్తనాళాలతో సహా తీసి, ఆ నాళాలను మెడలోని నాళాలకు సూక్ష్మదర్శిని కింద కుట్టి అతికించడం మరొకటి. ముంజేతి చర్మం చైనా వైద్యుల కానుక; ఫిబ్యులాతో దవడ ఎముకను నిర్మించవచ్చునని హిడాల్గో 1989లో చూపాడు. కొద్ది మిల్లీమీటర్ల నాళంలో రక్తం గడ్డకడితే అతుకంతా చచ్చిపోతుంది గనుక, తొలి రోజులలో నర్సులు గంటగంటకూ దాని రంగు చూస్తుంటారు.

పలకను పాతకాలపు పద్ధతి అని చిన్నచూపు చూడడం తగదు. తక్కువ ఖర్చుతో రోగి త్వరగా తినగలుగుతాడు. తీసి చూస్తే వ్యాధి తిరగబెట్టిందేమో కూడా తెలుస్తుంది. రంధ్రం మరీ పెద్దదైతే అది నిలవదు, అప్పుడు అతుకు తప్పదు. ఏది ఎవరికి మేలో తేల్చే పరిశోధన రోగి తిండినీ మాటనూ కొలవాలి. ఇంగ్లీషు మాటలతో తయారైన పరీక్ష తెలుగు నోటిని కొలవలేదు. నాలుక కొస అంగిలిని తాకితేనే పలికే ట, డ, ణ, ళ మన భాషలో అడుగడుగునా ఉన్నాయి. ‘నీళ్ళు’ అనీ ‘అన్నం పెట్టు’ అనీ అనలేని ముసలమ్మకు, అతుకు చక్కగా అతికిందన్న నివేదిక ఏపాటి ఊరట? ప్రవాస వైద్యులూ సంఘాలూ స్వదేశానికి యంత్రాలు పంపుతున్నారు, సంతోషమే. విశాఖ, హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రులతో కలసి ఇటువంటి తెలుగు పరీక్షను రూపొందిస్తే అది యంత్రాలకంటె ఎక్కువకాలం పనికివస్తుంది.

శ్రీకాకుళం జిల్లా కూడా చేరిన 36,000 మంది పొగాకు వాడకందార్ల అధ్యయనం 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. ఓపికగా నచ్చజెప్పితే కొందరు మానుకుంటారనీ, నోటిలో తొలి మచ్చలు పుట్టడం తగ్గుతుందనీ అది చూపింది. కాపెల్ ఇంటికి వచ్చిన పెద్దావిడ చేత పై పళ్ళసెట్టు తీయించి, టార్చిలైటుతో అంగిలి చూడడానికి ఒక్క నిమిషం చాలు. తెల్లబారిన పొర, దానిలో ఎర్రని చుక్కలు, నొప్పి లేకపోయినా మూడు వారాలకు మానని పుండు కనిపిస్తే తిరుగు ప్రయాణం దాకా ఆగకూడదు. దంతవైద్యునికో చెవి, ముక్కు, గొంతు వైద్యునికో చూపించాలి. అడ్డపొగ సంగతి దాచకుండా చెప్పాలి. అమెరికా వైద్యుడు ఆ అలవాటు గురించి విని కూడా ఉండకపోవచ్చు.