పల్నాటి దుమ్మును, వేగపుబండి యూపిరియు

పిడుగురాళ్ల ప్రాంతమునుండి యొక సోదరి యీ మాసమున నాకు లేఖ వ్రాసినది. ఆమె తమ్ముడు హైదరాబాదులో నుద్యోగము చేయుచు, కూడబెట్టిన ధనముతో నొకరు వాడి విడిచిన స్పోర్ట్స్ కారును గొని యింటికి దెచ్చినాడట. ఇప్పుడు దానికి తయారుచేసినవా రమర్చిన గాలిగొట్టమును దీసివేసి, బజారులో విడిగా నమ్మెడి ఇన్‌టేకును బిగింపవలెనని యతని కోరిక. అందులకు జాలిన సొమ్ము లేక, చీటీ పాడి యీయుమని యక్కగారి నడుగుచున్నాడు. "ఈయనిచో తమ్ముడు చిన్నబుచ్చుకొనును. ఇచ్చిన పిదప బండి చెడినచో మావారికి నేనేమని చెప్పుకొందును? ఇది యవసరమా, యాడంబరమా?" యని యామె ప్రశ్న.

ఇది స్త్రీల పత్రికలో వ్రాయదగిన విషయమా యని కొంద ఱనుకొనవచ్చును. ఇంటి ధనముతో వచ్చునది, యింటి బిడ్డ యెక్కి తిరుగునది యగు వస్తువును గూర్చి యిల్లాలు తెలిసికొనుటలో వింత యేమున్నది? మోటారుబండి పుట్టిన తొలినాళ్లలో, 1888 ఆగస్టులో, జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు తన యిరువురు కుమారులను వెంటబెట్టుకొని, భర్త నిర్మించిన బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు మించిన దారి పోయినది. నడుమ నింధనము వచ్చెడి గొట్టము పూడుకొనిపోగా, తన టోపీసూదితో నామెయే దానిని శుభ్రపఱచినది. గొట్టములో నేమి యడ్డుపడినదో చూచుట మన జాతికి క్రొత్తగాదు.

మొదట బండి యూపిరి యెట్టిదో తెలిసికొందము. పొయ్యికి గాలి చాలనిచో పొగయే గాని మంట లేదు. ఊదుగొట్టముతో నూదిన వెంటనే మంట లేచును. ఇంజనులోను నిదియే న్యాయము. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, బరువు చొప్పున, సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. అనగా నొక లీటరు పెట్రోలునకు పదకొండు కిలోల గాలి. దానిని గొలిచినచో 9,000 లీటర్లకు దక్కువ గాదు. పది లీటర్ల పెట్రోలు ముగియునప్పటికి నా బండి యొక చిన్న యింటినిండ బట్టెడి గాలిని పీల్చియుండును. ఈ గాలిని లోనికి దెచ్చు గొట్టమును, వడకట్టు ఫిల్టరును, దానిని గప్పియుంచు పెట్టెయు గలిసి ఇన్‌టేకు అనబడుచున్నవి.

గాలి యధికముగా వచ్చిన శక్తి యధికమగునని యమ్మువారు చెప్పుదురు. సూత్రము సత్యమే. కాని మన పల్నాటిలో ఇన్‌టేకును గొనువా రడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత గాలిని రానిచ్చును?" అనునది గాదు, "ఏమి రాకుండ నాపును?" అనునది. ఏలయనగా మన గాలిలో లేని దుమ్ము లేదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల పొడి, మాచర్ల నాపరాళ్ల కోతపొడి, దాచేపల్లి బాటను సిమెంటు లారీలు లేపెడి ధూళి, మిరపకళ్లముల నెగయు ఘాటు, చేల నడిమి బండ్లబాటల మట్టి, యివన్నియు మన ముక్కులకు పరిచితములే. మనము పైటచెంగు ముక్కున కడ్డము పెట్టుకొందుము. బండికి ఫిల్టరే పైటచెంగు.

ఈ దుమ్ములన్నియు నొక్కటి గావు. కాఠిన్యమును దెలుపు మోహ్స్ కొలమానములో సున్నపురాతి ఖనిజమగు కాల్సైటుది 3వ స్థానము. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7వ స్థానము. కావున రాతిసున్నపు తెల్లదుమ్ము ఫిల్టరును శీఘ్రముగ పూడ్చును. ఇసుక గలసిన మట్టిదుమ్ము లోనికి జొరబడినచో నినుమునే యరగదీయును. అందులోను గంటికి గనబడు గులకవలన భయము లేదు. అది యెట్టి ఫిల్టరులోనైన నాగును. పిస్టనుకును సిలిండరుకును నడుమ నుండెడి నూనెపొర మందము కొన్ని మైక్రానులు మాత్రమే. మన తలవెండ్రుక సుమారు 70 మైక్రానులు. ఆ పలుచని పొరలో దూరగల సన్నని రేణువులే యపాయకరములు. అన్నములో రాయి పంటికి దగిలి వెంటనే తెలియును. పిండిలో గలసిన తిరుగలి రాతిపొడి మాత్రము తెలియకయే పండ్ల నరగదీయును. ఇదియు నట్టిదే.

ఇచ్చట నొక చిన్న లెక్క గలదు. ఒక ఫిల్టరు నూఱు పాళ్ల దుమ్ములో 99 పాళ్లు పట్టునది. మఱొకటి 97 పాళ్లు పట్టునది యనుకొందము. భేదము రెండు పాళ్లే యని తోచును. కాని లోనికి బోయినదానిని జూడుడు: మొదటిదానిలో నొక పాలు, రెండవదానిలో మూడు పాళ్లు. రెండవ ఫిల్టరు గల యింజను మూడు రెట్లు దుమ్ము తినును. జల్లెడలో మిగిలినది చూచి మురియరాదు. క్రింద రాలినదానిని జూడవలెను. ఈ లెక్కను సరిగా గట్టుటకు ఐ.ఎస్.ఓ. 5011 అను నంతర్జాతీయ పరీక్షావిధానము గలదు. తూచిన దుమ్మును గాలిలో గలిపి పంపి, ఫిల్టరు ఎంత పట్టినది, గాలికెంత యడ్డు కలిగించినది, పూడుకొనుటకు ముందెంత దుమ్ము మోసినది యని మూడింటిని గొలుతురు. అమ్మువాడు గాలి యెంత పోవునో మాత్రము చెప్పి, దుమ్ము నెంత యాపునో చెప్పనిచో నా వస్తువు మన దారులకు గాదని యెఱుగునది.

ఫిల్టర్లు ముఖ్యముగ మూడు విధములు. మడతలు మడతలుగా నుండు కాగితపుది సాధారణముగ బండితో వచ్చునది. ఇది వెల తక్కువది, సన్నని దుమ్మును బాగుగ పట్టునది, నిండిన పిదప మార్చివేయవలసినది. దీనిని మిషను గాలితో గొట్టించి శుభ్రము చేయుట మంచిది గాదు. ఆ వేగమునకు కాగితము చిల్లులు పడవచ్చును. రెండవది నూనెతో దడిపిన నూలుబట్ట ఫిల్టరు. అమెరికాలో 1969లో నారంభమైన కె అండ్ ఎన్ సంస్థ యిట్టివానికి పేరొందినది. మూడవది నూనె పట్టించిన స్పాంజి వంటిది. ఈ రెండును గడిగి మరల వాడుకొనదగినవి గావున గృహిణులకు పొదుపుగ దోచును. కాని కడిగినపిమ్మట పూర్తిగ నీడ నారవలెను. నూనెను కొలత ప్రకారమే పట్టింపవలెను. తక్కువైన దుమ్ము జాఱిపోవును. ఎక్కువైన నా నూనె గాలితోబాటు పోయి, గాలిని గొలిచెడి సున్నితమగు సెన్సారు తీగకు బట్టి, యింజను లెక్క తప్పును. పప్పులో పోపు వలె చేతి యందాజుతో జరుగు పని గాదు.

ఇక నమరికను గూర్చి. పాత పెట్టెలోనే యదే కొలతతో గూర్చుండు ఫిల్టరు మొదటి తీరు. పెట్టెను దీసివైచి, యింజను ప్రక్కనే తెఱచియుంచిన శంఖాకారపు ఫిల్టరు రెండవది. పొడవైన గొట్టముతో బంపరు వెనుకకు దింపి, వెలుపలి చల్లగాలి నందుకొనునది మూడవది. క్రొత్తపెట్టెతో మూసి, ముందునుండి గాలిదారి యిచ్చునది నాలుగవది.

రెండవది చూపునకు వేడుకగ నుండును. కాని బానెటు క్రింది వేడిగాలినే పీల్చును. గాలి వేడెక్కినకొలది పలుచబడునని బడిపిల్లలును జదువుదురు. 40 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కినచో, నదే పరిమాణములో నుండు గాలి బరువు నూటికి సుమారు ఆఱు పాళ్లు తగ్గును. ఎండలకు పేరుపడిన రెంటచింతల సమీపమున వేసవి మధ్యాహ్నము, రద్దీలో నాగియున్న బండి బానెటు క్రింద నెంత వేడి యుండునో చెప్పనేల? శక్తికై కొన్నది శక్తినే హరించును.

మూడవదానికి వేడి బాధ లేదు; నీటి గండము గలదు. వర్షాకాలమున నాగులేరు, చంద్రవంక వంటి వాగులు పొంగి చప్టాలపై బాఱునప్పుడు, క్రిందికి దిగిన గొట్టపు నోరు నీటిని బీల్చినచో, గాలి వలె నీరు నొక్కుకొనిపోదు గనుక పిస్టను కడ్డీయే వంగును. అది చిన్న మరమ్మతు గాదు, ఇంజనునే విప్పవలెను. నాలుగవది సరిగా మూసుకొనునదై, గొట్టపు నోరు ఎత్తున నున్నచో నీ రెండిటికంటె మేలు. కాని వెల యెక్కువ.

ఇంత చేసిన పిమ్మట లాభమెంత? పెట్రోలు బండిలో పెడలు కొంచెముగ నొక్కి పోవునంతవఱకు, గాలి నాపునది ముఖ్యముగ త్రాటిలు రేకే గాని ఫిల్టరు గాదు. ఊరి దారులలో నడచునంతసేపు, ఎంత విశాలమగు ఫిల్టరైనను ప్రయోజన మత్యల్పము. పెడలు పూర్తిగ నొక్కి పోవు పందెపుబాటపై లాభము కొంత కనబడవచ్చును. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ప్రకటించిన పరిశీలనలో, ఆధునికమగు పెట్రోలు కార్లలో పూడిన ఫిల్టరును దీసి క్రొత్తది పెట్టినప్పుడు పెట్రోలు ఖర్చు తగ్గలేదు గాని, వేగ మందుకొనుటలో నూటికి 6 మొదలు 11 పాళ్ల వఱకు మేలు గనబడినది. అనగా నా తమ్ముడు కోరునది పాత ఫిల్టరును మార్చుటచేతనే కొంత లభింపవచ్చును.

పడుచువాండ్రు నిజముగ కొనునది తఱచుగ ధ్వనిని. తయారుచేసినవారు పెట్టెను గొట్టమును గాలిమ్రోత యడగునట్లు రూపొందింతురు. దానిని దీసిన వెంటనే బండి గర్జించును. గర్జన విని శక్తి పెరిగినదని భ్రమపడుదురు. ధ్వని కొఱకే కొనువాడు, ధ్వని కొఱకని యొప్పుకొని కొనుట మేలు. వేడుకకు వెల పెట్టుట తప్పుగాదు. వేడుకను లాభమని లెక్క వ్రాయుటయే తప్పు.

చట్టమునుగూడ చూచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని స్పష్టపఱచినది. ఆ యేటి సవరణతో జేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పొక్కొక్కదానికి 5,000 రూపాయల జుల్మానాగాని, ఆఱు నెలల వఱకు జైలుగాని, రెండునుగాని విధింప వీలు గల్పించినది. పాత ఫిల్టరు స్థానమున నదే కొలతది పెట్టుట యరిగిన భాగమును మార్చుట వంటిది. పెట్టెను గొట్టమును దీసివేయుటకు ముందు మాత్రము రవాణా కార్యాలయమునను, భీమా కంపెనీవారిని నడిగి, జవాబును కాగితముపై దీసికొనవలెను.

ఇక నా సోదరికి నా సలహా. తమ్ముని మాట కాదని కొట్టివేయవలదు. కోడిపందెపు పంతమున మాచర్లవారు రాజ్యమును విడిచి వనవాసమేగిన కథ మన పల్నాటిలో పసివారికిని దెలియును. పంతమెక్కినవానికి లెక్క వినబడదు. కావున పంతము పుట్టకమునుపే, ప్రక్కన గూర్చుండి యడుగుము: "నాయనా, ఇది దుమ్ము నెంత యాపును? ఆ పరీక్షాపత్రమేది? గాలి యెచ్చటనుండి పీల్చును? వాగు దాటునప్పుడు గొట్టపు నోరెచ్చట నుండును?" ఈ నాలుగింటికి జవాబు తెచ్చినవాడు పిల్లవాడైనను వివేకియే, అతనిని నమ్మవచ్చును.

చీటీ మాత్రము పాడవలదు. మొదట నిప్పుడున్న పెట్టెను విప్పించి, మంచి ఫిల్టరు నొకదానిని వేయించుము. అది చీటీ సొమ్మువఱకు బోదు. అటుపిమ్మట మా నరసరావుపేటలో నొక మెకానిక్కు నాకు చూపిన పరీక్షను చేయింపుము. వేయి కిలోమీటర్లు తిరిగినపిమ్మట, ఫిల్టరునకు నింజనుకు నడుమ నుండు గొట్టము లోపలి భాగమును తెల్లని గుడ్డతో దుడిచి చూడవలెను. గుడ్డ శుభ్రముగ నున్నచో బండి సుఖముగ నూపిరి దీయుచున్నది. గుడ్డకు మట్టి యంటినచో ఫిల్టరైనను, దాని యంచు రబ్బరైనను, పెట్టె మూతయైనను సరిగా గూర్చుండలేదన్నమాట. ముందు దానిని జక్కబఱుపవలెను. ఎంత వెలగల ఫిల్టరైనను అంచున సందున్నచో, మూత బిగియని యూరగాయజాడీ వంటిదే.

తమ్ముడు నిజముగ పందెపువేగము రుచి చూడగోరినచో, మద్రాసు చెంత శ్రీపెరంబుదూరు దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలో నందులకై కట్టిన బాట గలదు. అట్టిచోట బండ్లను తఱచుగ విప్పి చూచుకొందురు గావున తెఱచిన ఫిల్టరునకును తావు గలదు. మన దారులపై మాత్రము మూసిన పెట్టెయే మేలు. చీటీ సొమ్మును నీ పేరనే యుంచుకొనుము. ఆ తెల్లగుడ్డ పరీక్షకు మాత్రము నీవే స్వయముగ బానెటు చెంత నిలువుము; తమ్ముడు చిన్నబుచ్చుకొనడు, తన బండిని గూర్చి యక్క కింత తెలియునా యని సంతసించును. గుడ్డపై నేమి కనబడినదో నాకు వ్రాయుము, పాఠకసోదరీమణులకును దెలిపెదను.