పరిపూర్ణ మానవుడు: కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

మానవ పరిపూర్ణతను చిత్రించిన వైజ్ఞానిక కల్పనా సాహిత్యంపై విమర్శలో ఒక తీర్పు తరచుగా వినిపిస్తుంది. మనిషి సృష్టికర్త స్థానాన్ని ఆశించరాదని, పరిపూర్ణత అసాధ్యమని, శాస్త్రం హద్దు మీరితే వినాశనం తప్పదని ఈ నవలలు హెచ్చరిస్తున్నాయన్నది దాని సారాంశం. వివేకంగా తోచే ఈ తీర్పు మూలగ్రంథాల ముందు నిలవదు. పైగా అది మనుషుల బాధ్యతను శాస్త్రం మీదికి నెట్టివేస్తుంది.

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లో విక్టర్ తాను సృష్టించబోయే ప్రాణికి అందమైన అవయవాలనే ఎంచుకుంటాడు. అది కళ్లు తెరవగానే దాని రూపాన్ని చూసి అసహ్యంతో పారిపోతాడు. ఆ ప్రాణి మాత్రం మనుషులను చాటుగా గమనిస్తూ భాష నేర్చుకుంటుంది, మిల్టన్‌ను, ప్లూటార్క్‌ను చదువుతుంది, స్నేహం కోరుతుంది. దాని తొలి లోపమల్లా సృష్టికర్త కంటికి నచ్చకపోవడమే. తర్వాత జరిగే హత్యలకు బీజం ఆ తిరస్కారంలో ఉంది. సృష్టి చేయడాన్నే మహాపాపంగా చూపే వ్యాఖ్యానం ఈ తిరస్కారాన్ని దాటవేస్తుంది.

హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ (1895) ఈ ప్రశ్నను వ్యక్తి నుంచి సమాజానికి విస్తరించింది. 8,02,701వ సంవత్సరంలో కాలయాత్రికుడికి కనిపించిన ఎలాయ్‌లు అందమైనవారు, శ్రమ ఎరుగనివారు. మానవజాతి ప్రకృతిని సంపూర్ణంగా జయించిందని అతడు మొదట భావిస్తాడు. భూగర్భంలో యంత్రాల మధ్య బతికే మోర్లాక్‌లను చూశాక ఆ ఊహ కూలిపోతుంది. పైవారు విరామవర్గపు సంతతి, కిందివారు శ్రామికుల సంతతి అన్న నిర్ణయానికి అతడు వస్తాడు. అతడు పరిపూర్ణత అనుకున్నది సగం సమాజాన్ని చీకట్లోకి నెట్టగా మిగిలిన సౌఖ్యం మాత్రమే.

ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932) ఈ తర్కాన్ని చివరికంటా తీసుకువెళ్లింది. అక్కడ శాస్త్రం విఫలం కాలేదు, అనుకున్నది సాధించింది. అక్కడి ఎప్సిలాన్‌ల మందబుద్ధి ప్రకృతి దోషం కాదు. పిండదశలో ప్రాణవాయువును తగ్గించి దానిని ఉద్దేశపూర్వకంగా తయారు చేస్తారు. సైప్రస్ ద్వీపంలో 22,000 మంది ఆల్ఫాలను మాత్రమే నివసింపజేస్తే ఆరేళ్లలోపే అంతర్యుద్ధం చెలరేగి 19,000 మంది మరణించారని పాలకుడు ముస్తఫా మాండ్ చెబుతాడు. ఎనిమిది వంతులు నీటి అడుగున, ఒక వంతు పైన ఉండే మంచుకొండే అతడి దృష్టిలో ఆదర్శ జనాభా. కొందరి ఉన్నతికి ఎందరి లోపమో ముందుగా ఉత్పత్తి కావాలన్న రహస్యాన్ని హక్స్‌లీ పాలకుడి నోటనే పలికించాడు.

ఇదంతా కల్పన అని తోసిపుచ్చడానికి వీలులేదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ‘యూజెనిక్స్’ అనే పదాన్ని రూపొందించాడు. ‘అయోగ్యుల’ నిర్బంధ వంధ్యీకరణను 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. 1933లో జర్మనీ దానిని చట్టం చేసింది. 1904లో లండన్‌లో గాల్టన్ పత్రంపై జరిగిన చర్చలో వెల్స్ సైతం జాతి మెరుగుదలకు విఫలుల వంధ్యీకరణే మార్గమన్నాడు. మోర్లాక్‌లను సృష్టించిన రచయిత కూడా చర్చావేదికపై కొలబద్ద పట్టుకోవడానికి వెనుకాడలేదు. రచయిత అభిప్రాయాలతో నవలను కొలవడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది.

తెలుగు విమర్శకు ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. ‘పర్ఫెక్షన్’ను ‘పరిపూర్ణత’గా అనువదించగానే, ‘పూర్ణం’ అనే మాటకు మన తాత్విక సంప్రదాయం ఇచ్చిన అర్థం వెంట వస్తుంది. ఆ పూర్ణత్వానికి బయటి కొలత లేదు. ఈ నవలల్లోని పరిపూర్ణత మాత్రం లోపరాహిత్యం. లోపమేదో నిర్ణయించే అధికారి లేనిదే దానికి ఉనికి లేదు. రెండింటినీ ఒకే మాటతో చెప్పినప్పుడు ఆ అధికారి కనుమరుగవుతాడు.

2018లో చైనాలో జన్యు సవరణ జరిగిన కవలల జననం వెల్లడైన తర్వాత ఈ చర్చ గ్రంథాలయానికి పరిమితం కాదు. సృష్టికర్తతో పోటీ పడవద్దన్న నీతి ఇప్పుడు ఎవరినీ ఆపలేదు, ఎవరినీ జవాబుదారీగా నిలబెట్టలేదు. ఏది లోపమో ఎవరు నిర్ణయించారు, ఆ నిర్ణయపు మూల్యాన్ని ఎవరి శరీరం చెల్లించింది అన్న ప్రశ్నలు మాత్రం ఆ పని చేయగలవు. ఈ నవలలు రెండు శతాబ్దాలుగా అడుగుతున్నవి ఆ ప్రశ్నలనే.