శౌరివారి అంగీ ముక్క

జనగామలో మా పెద్దమ్మ ఇంట్లో మరియమాత పటం కింద కొత్తగా ఒక గాజుబిళ్ల కనిపించింది. లోపల గోరంత గుడ్డపీలిక. ‘శౌరివారి అంగీది బిడ్డా, మనుమడు ఆన్‌లైన్‌ల తెప్పిచ్చిండు’ అంటూ కళ్లకద్దుకుంది. శౌరివారంటే పునీత ఫ్రాన్సిస్ జేవియర్. తిప్పి చూశాను. వెనక ఎర్రదారం లేదు, లక్కముద్ర లేదు, వెంట బిషప్పు ఇచ్చిన పత్రమూ లేదు. ధర చీటీ మాత్రం అతికి ఉంది.

ఆ చీటీ చూస్తే కడుపు తరుక్కుపోయింది. పునీతుల అవశేషాలను అమ్మడాన్ని కతోలిక ధర్మశాస్త్రం 1190వ సూత్రం పూర్తిగా నిషేధించింది. 1215 నాటి లాటరన్ మహాసభే ఈ బేరాన్ని వద్దంది. అధికార పత్రం లేనిదాన్ని జనం వందనానికి పెట్టకూడదని 2017లో వాటికన్ మళ్లీ స్పష్టం చేసింది. అనుమానించడం అవిశ్వాసమనేవాళ్లు ఇది గమనించాలి. ముందు అడిగింది తిరుసభే.

శౌరివారి సంగతే చూడండి. 1552 డిసెంబరు 3న చైనా తీరాన ఒక దీవిలో కన్నుమూశారు. దేహాన్ని 1553లో మలక్కాకు, 1554లో గోవాకు చేర్చారు. 1614లో కుడి ముంజేతిని వేరుచేసి రోముకు పంపారు. ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో చరిత్రలో నమోదై ఉంది. దేహం చెడలేదన్న అద్భుతం కన్నా నాకు ఈ లెక్కే ఎక్కువ ధైర్యమిస్తుంది. మరి ఈ పీలికను ఎవరు కత్తిరించారు? ఎవరి చేతులు మారింది?

జనగామ ఉన్న మన వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబరులో, ఆయన పోయిన నాలుగు వందల ఏళ్లకు ఏర్పడింది. మన విచారణల్లో ఇన్నయ్యలు, చిన్నప్పలతో పాటు శౌరయ్యలు, శౌరిరెడ్లు ఎంతమంది! పేరులోనే పునీతుణ్ని మోసే ఇళ్ల మీద ఈ వ్యాపారం సాగడమే నా బాధ.

‘కాగితం లేకుంటే శౌరివారు నా మొర ఇనరా?’ అని అడిగింది పెద్దమ్మ. వింటారన్నాను. అయినా, ఎకరం చెలకకు పాసుపుస్తకం లేనిదే ఒప్పుకోని మనిషి, ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున దాచుకున్న మనిషి, దీనికెందుకు అడగలేదు? పత్రాలూ దొంగవి పుడతాయి నిజమే. అందుకే ఇచ్చిన పీఠాన్నే వాకబు చేయాలి.

డిసెంబరు 3న పండుగ పూజ అయ్యాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విచారణ గురువులు ఈ మాట చెప్పాలి. ఇళ్లలో ఉన్న బిళ్లలు తెచ్చి చూపమనాలి. తెచ్చినవాళ్లను నలుగురిలో చిన్నబుచ్చకూడదు.

పెద్దమ్మ బిళ్లను చేతిగుడ్డలో మూటగట్టింది. ఆదివారం ఫాదర్‌గారికి తానే చూపిస్తానంది.