గ్యాసు పొయ్యి ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది యాగంటి దగ్గర పల్లె. ఈమధ్యనే గ్యాసు కనెక్షను వచ్చింది. మా అత్తగారికి అరవై దాటాయి. ఏళ్ల తరబడి కట్టెల పొగలో వండి ఆయాసం తెచ్చుకున్నారు. మోకాళ్ల నొప్పులతో నిలబడి వండలేనని, గ్యాసు పొయ్యిని కూడా నేల మీదే పెట్టి పక్కన సిలిండరు ఉంచుకుందామని ఆమె అంటున్నారు. మావారేమో నాపరాయితో గట్టు కట్టించి, సిలిండరును దాని కింద అలమారాలో పెట్టి తలుపు వేసేద్దామంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక సోదరి

జవాబు: గట్టు కట్టించమన్న మీవారి మాట మంచిది. తలుపు వేసేద్దామన్న మాట మంచిది కాదు. మీ అత్తగారి మోకాళ్లకు వేరే ఉపాయం ఉంది, చివర చెబుతాను.

ముందుగా ఒక్క సంగతి. కట్టెల పొగ నుంచి ఆమెను తప్పించడం చాలా అవసరం. ఇళ్లలోని పొయ్యి పొగ, తదితర కాలుష్యాల వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆయాసం, ఎడతెగని దగ్గు, కంట్లో శుక్లాలు, గుండె జబ్బులు ఈ పొగతో ముడిపడి ఉన్నవే. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చింది ఇందుకే. అయితే పొగ పోయిన ఇంట్లోకి నిప్పు ప్రమాదం రాకూడదు కదా! అది చాలావరకు పొయ్యిని, సిలిండరును మనం ఎక్కడ, ఎలా పెడతామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గ్యాసు గుణం తెలుసుకోండి

పొగ పైకి పోతుంది. వంట గ్యాసు అలా పోదు. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. మీ యాగంటిలో కొండ నుంచి వచ్చే నీరు నంది నోటి గుండా పుష్కరిణిలోకి దిగినట్టే, లీకైన గ్యాసు కూడా కిందికి దిగి నేల మీద పరచుకుంటుంది. గాలిలో నూటికి రెండు వంతులు కలిస్తే చాలు, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. పొయ్యి కూడా నేల మీదే ఉంటే గ్యాసూ, మంటా ఒకేచోట ఉన్నట్టు! తలుపు వేసిన అలమారాలో లీకైతే గ్యాసు అక్కడే పోగుపడి, తలుపు తీసిన క్షణాన బయటికి వస్తుంది. గోడకు పైన బిగించిన ఎగ్జాస్టు ఫ్యాను వంట ఆవిరిని లాగుతుందే గాని, నేలను పట్టుకున్న గ్యాసును లాగదు. పైగా వాసన వచ్చినప్పుడు ఆ ఫ్యాను స్విచ్చి నొక్కడమే ప్రమాదం.

అమరిక ఇలా ఉండాలి

గట్టు సిలిండరు కంటే ఎత్తుగా, రెండున్నర అడుగులకు తగ్గకుండా ఉండాలి. మీ ప్రాంతంలో దొరికే నాపరాయి ఇందుకు చక్కగా పనికొస్తుంది, నిప్పంటుకోదు. దాని మీద ప్లాస్టిక్ గుడ్డ, పాత పేపరు పరచకండి. పొయ్యికి ఎదురుగా కిటికీ వద్దు, పక్కన ఉండాలి. ఎదురుగాలికి మంట ఆరిపోతే గ్యాసు అలా వస్తూనే ఉంటుంది. పొయ్యి పైన గూళ్లూ, డబ్బాలూ పెడితే వాటికోసం మంట మీదుగా చేయి చాపాల్సి వస్తుంది.

సిలిండరును ఎప్పుడూ నిలువుగానే నిలబెట్టాలి. గట్టు కింద తలుపు లేకుండా వదిలేయండి. తలుపు తప్పదనుకుంటే కింద, పైన గాలి ఆడే రంధ్రాలుండాలి. వంటింటి గోడలో నేలను ఆనుకుని బయటికి ఒక రంధ్రం పెట్టించి, ఎలుకలు రాకుండా జాలీ వేయించండి. నీళ్లు పోయే తూము పక్కన, గుంటలో సిలిండరు పెట్టవద్దు.

రబ్బరు గొట్టం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. పొడవు ఒకటిన్నర మీటరుకు మించకూడదు. పొయ్యి కింద నుంచి గాని, వెనక వేడి తగిలేలా గాని పోనివ్వకండి. అయిదేళ్లకోసారి తప్పక మార్చాలి. ఎలుక కొరికినా, బీట వారినా ఆ రోజే మార్చాలి.

ఈ బిగింపు పని ఏజెన్సీ పంపిన మెకానిక్ చేతనే చేయించండి. బిగించాక కీళ్ల దగ్గర సబ్బు నురగ రాయమనండి. బుడగలు లేస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణాలతో చెలగాటం.

సిలిండరు వచ్చినప్పుడు మెడ దగ్గర రేకు మీద ఉన్న అక్షరం, అంకె చూడండి. ఏ, బీ, సీ, డీ అంటే ఏడాదిలో మూడేసి నెలల చొప్పున నాలుగు భాగాలు. ‘సీ 28’ అని ఉంటే దాన్ని 2028 సెప్టెంబరు లోగా మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. గడువు దాటితే తీసుకోకండి.

దేవుడి గూడు, కట్టెల పొయ్యి

మన ఇళ్లలో దేవుడి గూడు చాలాచోట్ల వంటింట్లోనే ఉంటుంది. దీపాన్ని వేరే గదిలోకి మార్చండి. జొన్న రొట్టెలకు కట్టెల పొయ్యే బాగుంటుందని అత్తగారు అంటే, దాన్ని పెరట్లో పెట్టించండి. గ్యాసు ఉన్న గదిలో మాత్రం వద్దు. ఫ్రిజ్ కూడా ఇంకో గదిలో ఉంటే మేలు.

వాసన వస్తే

గ్యాసుకు సొంతంగా వాసన లేదు. మనం కనిపెట్టడానికే ఆ వాసన కలుపుతారు. కాని జలుబు చేసినవారికి, వయసు మళ్లినవారికి అది తెలియకపోవచ్చు. కాబట్టి ముక్కును మాత్రమే నమ్ముకోక, వంట కాగానే, రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయడం అలవాటు చేసుకోండి. చంటివాడు పొయ్యి మరలు తిప్పినా భయం ఉండదు.

వాసన వస్తే లైటు వెయ్యకండి, వేసి ఉంటే ఆర్పకండి. పొయ్యి మరలు, రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తీసి, అందరూ బయటికి వచ్చేయండి. బయటికి వచ్చాకే 1906కు ఫోను చేయండి.

మంట నీలంగా ఉండాలి. పసుపుగా మండి గిన్నెలు నల్లబడుతుంటే గ్యాసు సరిగా కాలడం లేదని గుర్తు. మూసిన గదిలో అలా మండితే తలనొప్పి, కళ్లు తిరగడం మొదలై, విషవాయువుతో ప్రాణం మీదికి రావచ్చు. బర్నరు శుభ్రం చేయించండి, కిటికీ తీసే వండండి.

కాలితే

వంట చేసేటప్పుడు నూలు చీరే మేలు. కొంగు దోపుకోండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి. ఎవరైనా మందపాటి దుప్పటి కప్పాలి. కాలినచోట 20 నిమిషాలపాటు చల్లని ధార నీళ్లు పోయండి. ఐసు, ఇంకు, పేస్టు, నెయ్యి ఏవీ రాయకండి. అంటుకున్న బట్టను పీకకండి. పెద్ద గాయమైతే నీళ్లు పోస్తూనే 108ని పిలవండి.

ఇక మీ అత్తగారి మోకాళ్ల సంగతి. గట్టు ఎత్తుకు సరిపడే, కదలని పీట లాంటి ఎత్తయిన స్టూలు ఒకటి వడ్రంగి చేత చేయించండి. వెనక ఆనుకునే చెక్క ఉండాలి. ఆమె దాని మీద కూర్చునే వండుకోవచ్చు. కూరలు తరగడం, పిండి కలపడం ముందే కింద కూర్చుని ముగించుకుంటే పొయ్యి దగ్గర ఉండే సేపు తగ్గుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేల మీద కూర్చుని లేవడం కన్నా ఇదే సుఖమని ఆమెకు నచ్చజెప్పండి. ఆయాసానికి మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించండి. పొగ మానినంత మాత్రాన పాత జబ్బు దానంతట అదే పోదు.