ఎక్కడ నడవాలో చెప్పని వైద్యుడు

ముప్పై అయిదేళ్ళకు పైగా వైద్యవృత్తిలో ఉన్నాను. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పి, ఏ జబ్బుతో వచ్చినవారికైనా మందుచీటీ చివర ఒక వాక్యం తప్పక వ్రాసేవాడిని: "రోజూ అరగంట నడవండి." ఆ మాట వ్రాయడానికి నాకు పట్టిన కాలం రెండు క్షణాలు. దానిని ఆచరించడానికి రోగికి ఏమేమి కావాలో ఒక్కనాడూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, నేనూ నడిచేవాడిని కాదు. ఇంటి నుండి కారు, కారు నుండి ఆసుపత్రి, అంతే.

విరమణ తరువాత నా రక్తంలోనే చక్కెర పెరిగింది. నేనిచ్చిన సలహా నాకే తిరిగివచ్చింది. సికింద్రాబాదులో మా వీధి నుండే నడక మొదలుపెట్టాను. ఫుట్‌పాత్ ఉన్నచోట దానిమీద బండ్లు, కొట్ల సామాను. అవి లేనిచోట పైకి లేచిన రాళ్ళు. కారులోంచి ఇన్నేళ్ళూ చూసిన వీధే. కాలితో తొక్కితే వేరే ఊరిలా తోచింది.

ఒక ఉదయం నా పాత రోగి అయిన పెద్దావిడ ఒకరు చేతికర్రతో రోడ్డు అంచున నిలబడి కనిపించారు. అలవాటు పోక, "ఏమమ్మా, రోజూ నడుస్తున్నారా?" అన్నాను.

ఆవిడ నవ్వి, "నడవాలనే ఉంది డాక్టరుగారూ. ఈ గట్టు ఎక్కలేను, కింద నడిస్తే బండ్లకు భయం. నడవమన్నారు గానీ ఎక్కడో మీరు చెప్పలేదు కదా!" అన్నారు.

నాకు సమాధానం దొరకలేదు. ఆమెను నేను బద్ధకస్తురాలనుకున్నాను. ఒకసారి అందరి ముందు కసురుకున్నాను కూడా. ఆ మాట గుర్తుకు వస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మన ఊరి చరిత్రలోనే ఇందుకు తగిన పాఠం ఉంది. 1897 ఆగస్టు 20న ఇక్కడే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అయితే అంతకుముందు సుమారు రెండేళ్ళపాటు ఆయన ఎన్నో దోమలను కోసి చూసినా ఫలితం కనబడలేదు. అవి మనుషుల మలేరియాను మోసే జాతి కాకపోవడమే కారణం. ఆయన శ్రద్ధలో లోపం లేదు. వెదికిన చోటు వేరు. నేను ఆయనంతటివాడిని కాను గానీ, నా పొరపాటూ ఆ కోవలోనిదే. రోగి నడవకపోవడానికి కారణాన్ని రోగి మనసులో వెదికాను. అది వీధిలో ఉంది.

ఆ తరువాత ఆవిడా నేనూ కలిసి ఆలోచించాము. ఆమె ఇంటి దగ్గరి గుడి ప్రాంగణం చదునుగా ఉంది, నీడ ఉంది, వాహనాలు రావు. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు అక్కడ ప్రదక్షిణలు చేస్తున్నారు. ప్రదక్షిణలు కూడా నడకే కదా! పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానిని చిన్న చిన్న విడతలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. ఆమె ఇంకా ఆ సంఖ్యను చేరలేదు. కానీ నిరుడు సున్నా.

కనుక మీకు నా మనవి ఇది. మీ డాక్టరు "నడవండి" అంటే, "ఎక్కడ?" అని అడగండి. ఇంట్లో పెద్దవారిని నడవమని పోరే ముందు, ఒక్కరోజు వారి వెంట, వారి వేగంతో నడిచి చూడండి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకండి; గుడిలో విడవక తప్పకపోతే మేజోళ్ళు వేసుకుని, ఇంటికి రాగానే పాదాలను చూసుకోండి. నడకలో ఛాతీ పట్టినట్లయితే వెంటనే ఆగి వైద్యసహాయం పొందండి. మీ వార్డులో ఓటు అడగడానికి వచ్చినవారిని ఫుట్‌పాత్ గురించి కూడా అడగండి. అదీ ఆరోగ్య విషయమే.

మనిషి ఎదుగుదల ఉద్యోగంతో ఆగిపోతుందని అనుకునేవాడిని. నా వృత్తిలో నేను నేర్వవలసిన ఒక ముఖ్యమైన పాఠం, వృత్తి ముగిసిన తరువాత, ఇంటి గడప దాటాక దొరికింది. ఆలస్యమైనా, రేపు ఉదయం కూడా బయటికి వెళ్తాను.