యాత్రికుడును బాడుగబండియు

న్యాయస్థానములకు వేసవి సెలవుదినములు సమీపించినంతనే న్యాయవాదుల విశ్రాంతిశాలలో ప్రసంగధోరణి మాఱిపోవును. వ్యాజ్యములును వాయిదాలును వెనుకబడి, ఊటీ, గోవా, కేరళములు ముందునకు వచ్చును. ఈమాఱు ఆ ప్రసంగములలో తఱచుగ వినవచ్చిన ప్రశ్న యొక్కటే. రైలో విమానమో దిగినపిదప బసకు చేరుట యెట్లు? చేతిఫోనులో యాపు తెఱచి బండిని పిలిపించుకొనుటయా? వాకిట నిలిచియున్న టాక్సీ నెక్కుటయా? లేక పదిమందితోపాటు షటిల్ బస్సులో పోవుటయా? ఇదియు నొక సంపాదకీయమునకు తగిన విషయమేనా యని మిత్రు లొకరు నవ్విరి. మేము నవ్వలేదు. వేయి కిలోమీటర్లు రైలులో సుఖముగ వచ్చినవాడు కడపటి పది కిలోమీటర్లలో అవమానపడి, ఆ యవమానమును బట్టియే ఒక ఊరి ప్రజలనందఱిని తూచుట మేము పలుమాఱు చూచియున్నాము. మేమును ఆ తప్పు చేసినవారమే.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. జట్కాల కాలమున బండివాడు "మీకు తోచింది ఇవ్వండి బాబూ" యని యెక్కించుకొని, దిగునప్పుడు తనకు తోచిన దడుగుచుండెడివాడని మన పెద్దలు చెప్పగా విననివా రెవరు? 1879వ సంవత్సరమునందే బాడుగబండ్ల చట్టము పుట్టినది. 1911లో మద్రాసు రాజధానికి ప్రత్యేకముగ మఱియొక చట్టము వచ్చినది. నేడు అమలునందున్న 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 67వ సెక్షను బాడుగలను నిర్ణయించు అధికారమును రాష్ట్రప్రభుత్వముల చేతిలో నుంచినది. చట్టవిరుద్ధముగ ప్రయాణికుని నిరాకరించిన బాడుగబండి వాడు శిక్షార్హుడని 178వ సెక్షను చెప్పుచున్నది. కాగా చట్టమునకు కొఱత లేదు. కొఱత యెచ్చట నున్నదో, రైలు దిగి రెండు పెట్టెలు చేతబట్టుకొని నిలిచినవానికి తెలియును. వానికి దూరము తెలియదు, భాష తెలియదు, న్యాయమైన బాడుగ యెంతయో తెలియదు. ఎదుటివానికి ఈ మూడును తెలియును. అట్టి ఇద్దఱి నడుమ జరుగుదానిని బేరమనుట మర్యాదకు మాత్రమే.

గత శీతకాలమున మేము తల్లిగారితోను పిల్లలతోను విజయవాడలో అమరావతీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవాకు పోయితిమి. (మన బందరునుండి మర్మగోవా వఱకు ఒకప్పుడు మీటరుగేజి దారి యుండెడిదని తల్లిగారికి చెప్పగా, ఆ బండియే యుండిన విజయవాడ మెట్లెక్కు బాధ తప్పియుండును గదా యనిరి.) మడగాఁవ్‌లో దిగితిమి. బస ఉత్తరమున కలంగూట్ తీరమునందు కుదుర్చుకొంటిమి. స్టేషను వెలుపల ఒక టాక్సీవాడు చెప్పిన బాడుగ, మా స్లీపరు టిక్కెట్ల మొత్తమునకు దాదాపు సమానముగ నుండెను. ఫోను తెఱచి చూచితిమి. మన నగరములలో వాడుక పడిన ఓలా, ఊబర్ బండ్లు మేము పోయిననాటికి ఆ రాష్ట్రమున లేవు. మఱి నలుగురు డ్రైవర్ల నడిగితిమి. అందఱును ఒకే సంఖ్య చెప్పిరి. తుదకు మొదటివాని బండియే యెక్కితిమి. బండిలో మీటరు కలదు. కాని ప్రయాణము ముగియువఱకును అది మౌనవ్రతము విడువలేదు.

కోపముతో నెక్కితిమనుట నిజము. జువారీ వంతెన దాటునప్పటికి ఆ కోపము కొంత చల్లారినది. మావలెనే నలువది దాటిన ఆ డ్రైవరు, మేము అడుగకయే, హిందీలో తన లెక్క విప్పెను. కలంగూట్‌లో మమ్ము దింపినపిదప అతడు ఖాళీ బండితో మరలవలెను. అచ్చటి స్టాండువారు అతనిని తమ వరుసలో నిలువనీయరు, అచ్చటివాడు మడగాఁవ్ వచ్చినను ఇచ్చటివారు నిలువనీయరు. కావున పోవు యాత్రికుడే రాకపోకల రెంటికిని చెల్లించవలసియున్నది. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వానకాలము; యాత్రికులు పలుచబడుదురు. బ్యాంకు వాయిదాకు మాత్రము వానయు ఎండయు లేవు. "యాపు కంపెనీ నష్టమొచ్చిన రాష్ట్రమును విడిచి పోగలదు, నే నెచ్చటికి పోదును?" అను నర్థము వచ్చునట్లు అతడు పలికిన మాటకు ప్రత్యుత్తరము మాకు దొరకలేదు. అయితే, రెండు స్టాండ్లవారు కూడి ఒకరి వరుసలో నొకరిని నిలువనిచ్చిన యెడల బాడుగ సగమునకు దిగును గదా యని యడిగితిమి. అతడు చాలసేపు ఊరకుండి, అది సంఘమువారి మాట యనెను.

ఆ సంఘముల మాటయే గోవాలో పెద్దమాట. 2018లో అచ్చటి పర్యాటకాభివృద్ధి సంస్థ అండతో 'గోవామైల్స్' అను యాపు టాక్సీలు వచ్చినవి. వానిని తొలగింపుడని టాక్సీ సంఘములు నేటికిని పట్టుపట్టుచున్నవి. 2021లో హైకోర్టు ఆదేశము మీద డిజిటల్ మీటర్లు బిగించు పని మొదలైనది. 2025లో యాపు కంపెనీలకు నియమములు కూర్చి ముసాయిదా ప్రకటింపగా మరల గొప్ప యలజడి లేచినది. జీవనోపాధి పోవునను భయము నిజమైనది. ఆ భయమును మేము తేలికగ మాటలాడము. కాని తమ బాడుగను బలకమీద వ్రాయుటకు ఒప్పనివారు, వ్రాసి చూపు యాపును వలదనుటకు ఏ న్యాయమును చూపగలరు?

యాపు గెలిచినది చౌకవలన కాదు, వ్రాసి చూపుటవలన. బండి కదలకముందే ధర కంటబడును, డ్రైవరు పేరు, బండి నంబరు చేతిలో నుండును. దారి పటముమీద కదలుచుండును, ఇంటనున్నవారును చూడవచ్చును. భాష రానివానికి, ఒంటరిగ బయలుదేఱిన స్త్రీకి ఇది చిన్న మేలు కాదు. పేరును నంబరును ఉన్నంతమాత్రమున భద్రత సమకూరదని 2014 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరమువలన దేశమంతయు నెఱిగినది. ఆ దినములలో ఢిల్లీ ప్రభుత్వము ఆ కంపెనీ బండ్లను నిషేధించినది కూడ. ఐనను స్టేషను వాకిట తెలియనివాని వెంట చీకటిలో నడచుటకన్న ఇది మేలని మా యింటి యాడువారు తీర్పు చెప్పిరి. ఆ తీర్పుపై మేము అప్పీలు చేయలేదు.

కాని వ్రాసిన ధర నిలుచునా? ఒక మహానగరమున సాయంకాలపు వానలో రైలు నందుకొనుటకై మేము యాపు తెఱచితిమి. కంపెనీ పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. మొదట 340 రూపాయలు కనబడెను. గొడుగు తెఱచి మరల చూచునప్పటికి 560 అయ్యెను. ఒప్పుకొంటిమి. డ్రైవరు ఫోను చేసి ఎచ్చటికని యడిగెను, చెప్పితిమి, నగదా, ఆన్‌లైనా యని యడిగెను, ఆన్‌లైనంటిమి, బండి రద్దయ్యెను. రెండవవాడును అట్లే చేసెను. మూడవవాడు వచ్చునప్పటికి రైలు పోవుటకు పది నిమిషములు మిగిలెను. జట్కావానితోనైన వాదింపవచ్చును. ధర పెంచినది ఎవరని ఈ ఫోను నడుగుట యెట్లు?

దీనికిని నియమములున్నవి. 2020 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, గిరాకీ వేళ ధర మూలధరకు ఒకటిన్నర రెట్లు మించరాదని యుండెను. 2025 జూలైలో వచ్చిన క్రొత్త మార్గదర్శకములు దానిని రెండు రెట్లకు పెంచినవి. తగిన కారణము లేక బండి రద్దుచేసినవారిపై బాడుగలో నూటికి పదివంతున, నూఱు రూపాయలకు మించకుండ జరిమానా విధింపవచ్చునన్నవి. సొంతబండి గల డ్రైవరుకు బాడుగలో నూటికి ఎనుబదివంతులు తగ్గకుండ ముట్టవలెనన్నవి. వీనిని అమలుపఱుపవలసినవి రాష్ట్రములు. డ్రైవరు మేలు కోరిన భాగమును మేము హర్షింతుము. కాని అయిదేండ్లలో దిగవలసిన హద్దు పైకెక్కిన దేల? వానలో తడియుచున్న యాత్రికుని అవసరమే సరకైనప్పుడు, ఆ సరకు ధర రెట్టింపగుటకు ప్రభుత్వము ముద్రవేసినట్లు కాలేదా? 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారము, ఇట్టి కంపెనీలు తమ వార్షికపు రాబడిలో నూటికి ఒకటి రెండువంతులు పనివారి నిధికి చెల్లింపవలసియున్నది. ఆ సొమ్ము డ్రైవరు ఇంటికి చేరిననాడు ఈ పుటలోనే సంతోషముతో వ్రాయుదుము.

ఇక బస్సు. మన మధ్యతరగతివారు ప్రవాసమునకు పోయిన తక్షణమే బస్సును మఱచుట ఒక వింత. ఊర నున్నన్నాళ్లు ఎక్కు బస్సు సెలవులలో మర్యాదకు చాలదు గాబోలు. శంషాబాదు విమానాశ్రయమునుండి నగరములోనికి ఆర్టీసీవారి 'పుష్పక్' బస్సులు తిరుగుచున్నవి. గోవాలో మోపా విమానాశ్రయమునుండి కదంబ సంస్థ బస్సులు నడుచుచున్నవి. తిరుపతి స్టేషనులో దిగిన యాత్రికుని జీపులవారు చుట్టుముట్టినను, కొండకు పోవు 'సప్తగిరి' బస్సు టిక్కెట్టు ఎంతయో అందఱికిని తెలియుటచేత, బేరము ఒక హద్దు దాటి పోజాలదు. అది గమనింపదగినది. బస్సు ఎక్కినవానికే కాదు, ఎక్కనివానికిని బస్సు మేలు చేయుచున్నది. పండుగల ప్రత్యేక బస్సులకు మన ఆర్టీసీలును ఒకటిన్నర రెట్లు వసూలుచేసిన సంగతి మఱువలేదు. కాని ఆ హెచ్చుధర ముందుగ ప్రకటించినదే గాని, గొడుగు తెఱచునంతలో మాఱినది కాదు. మోకాళ్ల నొప్పులు గల ముసలితల్లిని, నాలుగు పెట్టెలను వెంటబెట్టుకొని అర్ధరాత్రి దిగినవానికి బస్సుగుణములు వర్ణించుట మాత్రము క్రూరత్వము.

అడిగిన మిత్రులకు మేము చెప్పిన దిది. పగటివేళ, సామాను తక్కువైనప్పుడు, బస్సున్నదా యని మొదట విచారింపుడు. తెలియని నగరములో తెలియని భాషవారి నడుమ యాపు తీసికొనుడు, రైలుకు గంట ముందు మాత్రము పిలువుడు. కొండలకు పోవునప్పుడు, దినమంతయు పలుచోట్లు తిరుగవలసినప్పుడు స్థానికుని టాక్సీయే మేలు. విశాఖపట్టణమునుండి అనంతగిరి మీదుగ అరకు పోవువానికి ఫోను పలుకని మలుపులో యాపు ఏమి చేయగలదు? మంచు దిగు వేళ యెఱిగిన డ్రైవరు అచ్చట కావలెను. ఐతే ముందునాటి సాయంకాలమే అతనితో మాటలాడి, మొత్తమెంత, నిరీక్షణ యెంత, రాత్రి బస యెవరిది అనునవి కాగితముపై వ్రాసికొనుడు. న్యాయవాదుల చాదస్తమని నవ్వినను సరియే.

స్టాండువారికిని యాపువారికిని నడుమ మూడవ దారి లేకపోలేదు. బెంగుళూరులో 2022 మొదలు 'నమ్మ యాత్రి' అను యాపు డ్రైవరు బాడుగలో వాటా తీసికొనక, కొద్ది చందా మాత్రము పుచ్చుకొని నడుచుచున్నది. ఆ సంవత్సరమే కేరళప్రభుత్వము 'కేరళ సవారి'ని ప్రారంభించినది. 2025 డిసెంబరులో ఢిల్లీలో 'భారత్ టాక్సీ' పేర సహకార పద్ధతిని ప్రయోగము మొదలైనది. డ్రైవర్లే యజమానులైన సంఘము ధరను వ్రాసి చూపినచో గోవాలోని మన డ్రైవరు భయమునకును మా కోపమునకును కూడ మందు దొరకును. ఇవి యెంతవఱకు నిలుచునో చూడవలసియున్నది.

గోవావారి సంగతి యింత వ్రాసి, మన వాకిటి సంగతి వ్రాయకుండుట ధర్మము కాదు. బందరు బస్టాండునుండి మంగినపూడి సముద్రతీరము సుమారు 11 కిలోమీటర్లు. కార్తీక పూర్ణిమనాడు సముద్రస్నానమునకు వేలజనులు వత్తురు. హైదరాబాదునుండి వచ్చిన మా బంధు వొకరు ఆనాడు ఆటోకు చెల్లించిన బాడుగ విని మాకు సిగ్గు కలిగినది. ఆటోలలో పెద్దవాడైన యొకనితో ఆ మాట యెత్తగా, అతడు "లాయరుగారూ, ఫోన్లో రేటు పెరిగితే నోరెత్తరు, మేం అడిగితే దోపిడీ అంటారేమండీ?" యనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫోను ముందు చెప్పుచున్నది, మీరు దిగినపిదప చెప్పుచున్నారు అంటిమి. అతడు నవ్వి, ఐతే ముందే వ్రాసి పెట్టుద మనెను.

మూడు వారములుగ ఆ వ్రాతనుగూర్చియే కూర్చుండి మాటలాడుచున్నాము. బస్టాండు వెలుపల ఒక బలక, దానిపై మంగినపూడికి పగటి బాడుగ, పండుగ బాడుగ, రాత్రి బాడుగ, మనిషికింత, బండికింత అని వ్రాయవలెనని సంకల్పము. పండుగనాడు ఒకటిన్నర రెట్లకు మేము ఒప్పుకొంటిమి, రెండు రెట్లని వారు పట్టు విడిచిరి. రాత్రి బాడుగ వద్ద మాత్రము తెగలేదు. ఖాళీగ మరలవలసిన బండి లెక్కయే అచ్చటను అడ్డుపడినది. వచ్చు ఆదివారము సాయంకాలము మరల కూడుచున్నాము. తీరమున దుకాణములవారిని, ఆర్టీసీ బస్సుల వేళ లెఱిగినవారిని, ఈ దారిన తఱచుగ పోవు చదువరులను రావలసినదిగ కోరుచున్నాము.